కుడి కంటి అద్దం

నాకు చదవగలిగే కన్ను ఒక్కటే. కుడిది.

ఎడమ కన్ను పైకి మామూలుగానే ఉంటుంది. మెల్ల లేదు, మచ్చ లేదు, రెప్ప వాలదు. కానీ చూపు నేర్చుకోవలసిన వయసులో అది నేర్చుకోలేదని, ఇక నేర్చుకోదని, అద్దాలు పెట్టినా లాభం లేదని చిన్నప్పుడే డాక్టర్ చెప్పారు. దానితో రంగు తెలుస్తుంది, కదలిక తెలుస్తుంది. ఎదురుగా మనిషి నిలబడ్డాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. పుస్తకం తెరిస్తే చీమలు పట్టిన బెల్లం ముక్కలా కనిపిస్తుంది.

ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక కంటితోనే ఇంజనీరింగ్ చదివాను, డ్రాయింగ్ బోర్డు మీద గీతలు గీశాను. తొంభైల చివర్లో మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా పట్టుకుని నాలుగంకెలు చెయ్యడం మా పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చదవడమే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ కుడి కన్నే.

పెట్టెలో ఒక్క అగ్గిపుల్ల మిగిలినప్పుడు, గాలి వీచే చోట దాన్ని ఎలా పట్టుకుంటామో, ఆ కన్నును నేను అలా పట్టుకుని తిరిగేవాణ్ణి. తమాషా ఏమిటంటే, నేను తిరిగిన చోట ఎప్పుడూ గాలే.

నానక్‌రామ్‌గూడలో గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికి అది ఊరే. ఇంటావిడ పెద్దావిడ, పెరట్లో నాలుగు బర్రెలు, పాలు పోసి బతికేది. నా గది తలుపు తీస్తే బర్రెల కొట్టం. ఆవిడ పొద్దున్నే కుడితి తీసుకుని వస్తూ, గోడ పక్కన కట్టేసిన బర్రె దగ్గరికి రాగానే నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేసేది. మిగతా వాటి దగ్గర చేసేది కాదు. ముద్దు చేస్తోందనుకున్నాను.

ఆఫీసుకు సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. గచ్చిబౌలి మీదుగా మాదాపూర్ దాకా ఆ రోజుల్లో రోడ్డుకు రెండు వైపులా బండలే. ఎక్కడ చూసినా ఒక బండను పగలగొట్టి దాని స్థానంలో ఒక భవనం కడుతున్నారు. టిప్పర్లు కంకర నింపుకుని, పైన పట్టా కప్పకుండా పరుగెత్తేవి. పేలుళ్ళ వేళకు ఒకతను ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా నిలబడి ఈల వేసేవాడు. ఆ ఈల వినపడగానే కూలివాళ్ళందరూ పని ఆపి, బండకు వీపు పెట్టి నిలబడేవారు. ఆడవాళ్ళు ఇనప తట్టలు నెత్తిన బోర్లించుకునేవారు. ఎవరూ వెనక్కి తిరిగి చూసేవారు కాదు. అంత పెద్ద చప్పుడైనా చూడరు. రెండో ఈల వినపడ్డాకే తిరిగేవారు. సైకిల్ దిగి ఆగినవాళ్ళలో నేను కూడా అలాగే వీపు తిప్పి, కుడి కంటి మీద అరచెయ్యి పెట్టుకునేవాణ్ణి. తలనొప్పి అనుకునేవారేమో.

ఇంకో లెక్క కూడా నన్ను నిద్రపోనిచ్చేది కాదు. మన దేశంలో సైకిల్ ఎడమ వైపు పోవాలి. దాటిపోయే బండి కుడి వైపు నుంచి పోతుంది. అంటే ప్రతి టిప్పరూ, దాని చక్రాల కింద ఎగిరే ప్రతి రాయీ, నాకున్న ఒక్క కంటి వైపు నుంచే వస్తుంది.

తొలకరి పడిన సాయంత్రం ఒకటి. చీకటి పడుతోంది. టీ కొట్టు లైటు చుట్టూ ఉసిళ్ళు లేచాయి. నేను దిగుడులో ఉన్నాను, సైకిల్ వేగంగా పోతోంది. ఒక ఉసిలి వచ్చి సూటిగా కుడి కంట్లో పడింది. కన్ను దానంతట అదే మూసుకుపోయింది. అంతే, రోడ్డు పోయింది. ఎడమ కంటికి మిగిలింది ఒక నల్లటి వాలు, దాని మీద తేలుతున్న పసుపు మరకలు. అందులో ఏది టీ కొట్టో, ఏది లారీ దీపమో తెలియలేదు. వెనక నుంచి హారన్ వినిపిస్తోంది. బ్రేకులు రెండూ పట్టేశాను, సైకిల్ జారి మట్టిలోకి పడింది. లారీ పోయింది. దాని గాలి మాత్రం ఒంటికి తగిలింది.

పురుగు కన్నీళ్ళతో బయటికి వచ్చింది. కన్ను బాగానే ఉంది. కానీ ఆ రోజు నాకు తెలిసింది, అది పోతే లోకం ఎలా ఉంటుందో. అంతకుముందు ఊహ. ఇప్పుడు చూశాను.

మర్నాడు ఆఫీసు కాగితం వెనక రాసుకున్నాను, కళ్ళకు ఏదో ఒక అడ్డం కావాలని. అది రంగు లేనిదై ఉండాలి, సాయంత్రం కూడా పెట్టుకోవాలి కదా. పక్కల నుంచి దుమ్ము రాకూడదు. ఆవిరి పట్టకూడదు. దుమ్ముకు గీతలు పడకూడదు, ఎందుకంటే గీతలు పడ్డ అద్దంలోంచి ఎదురు లైటు చూస్తే అంతా వెలుగు ముద్ద అవుతుంది. శిక్షణ కాలపు జీతానికి అందాలి.

ఫుట్‌పాత్ మీద అమ్మేవన్నీ నల్లద్దాలు. కాలేజీ ల్యాబులో పెట్టుకున్నటువంటి పెద్ద కళ్ళజోడు దొరికింది, గచ్చిబౌలి ఎక్కేసరికి లోపల చెమట ఆవిరై నేను చేపల తొట్టిలోంచి చూస్తున్నట్టు అయింది. వెల్డింగ్ వాళ్ళది అడిగాను, దుకాణం వాడు నా చేతుల వైపు చూసి నవ్వాడు. చివరికి లింగంపల్లిలో ఒక కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు తెల్లగడ్డం పెద్దాయన.

"పవర్ లేకుండనా? ఎందుకు బాబూ, షోకా?" అన్నాడు.

"కాదండి. సైకిల్ మీద దుమ్ము పడుతోంది."

"అచ్ఛా. గాజు కావాల్నా, ఫైబర్ కావాల్నా? గాజు జర బరువుంటది, సస్తా. ఫైబర్ హల్కా ఉంటది, మగర్ పైసలు ఎక్కువైతయి. రెండూ మంచియే."

నేను జేబులోంచి కాగితం పొట్లం తీశాను.

"అరే, అందుల ఏమున్నది? భస్మమా?"

"రోడ్డు మీది దుమ్మండి. కోసేయగా మిగిలిన ముక్కలుంటే ఇస్తారా? గాజుదొకటి, ఫైబర్‌దొకటి."

ఆయన నన్ను కాసేపు చూసి, ముక్కలు రెండూ బల్ల మీద పెట్టాడు. రెండింటి మీదా దుమ్ము చల్లి రుమాలుతో ఒకే లెక్కన రుద్దాను. ఫైబర్ మీద సాలెగూడులా గీతలు పడ్డాయి. గాజు అలాగే ఉంది. ధర కూడా తక్కువ. రాసుకున్న వాటిలో అన్నిటికీ గాజే సరిపోయింది.

పగిలితే ఏమవుతుందన్న ప్రశ్న నేను రాసుకోలేదు. దుమ్ము అంటే భయం, పురుగు అంటే భయం, గీత అంటే భయం. ఆ భయాలన్నీ వరసగా నిలబెట్టి జవాబులు వెతికానే గాని, జవాబే భయంగా మారొచ్చని తట్టలేదు.

"పాస్ అయిందా నీ గాజు?" అన్నాడు పెద్దాయన. "ఫస్ట్ క్లాసా?"

వెడల్పాటి ఫ్రేము తీసుకున్నాను. పక్కల నుంచి గాలి రాకుండా పాత రెగ్జిన్ సంచీ కత్తిరించి, రెండు చెవి కాడలకూ ముక్కలు కుట్టుకున్నాను. మొదటి రోజు పెట్టుకుని బయటికి వచ్చేసరికి ఇంటావిడ పాలు పితుకుతోంది.

"ఏంది సారూ, కండ్లకు గంతలు గట్టుకున్నవ్? గానుగెద్దు లెక్క? ఆఫీసుల నూనె తీపిస్తున్నరా ఏంది?"

"దుమ్ము పడకుండా అండి."

"దుమ్ముకా! పుట్టినప్పటి సంది గీ దుమ్ములనే ఉన్నం. మాకేమైంది?"

ఆఫీసులో నా పక్క సీటు అతను ఈ ఊరివాడే. స్కూటర్ మీద వచ్చేవాడు. నన్ను భాయ్ అనేవాడు, ఏదైనా చేతిలో కనిపిస్తే ముందు లాక్కునేవాడు, తర్వాత అడిగేవాడు. అద్దాలు లాక్కుని, గోటితో కొట్టి చూశాడు. టింగుమంది. తర్వాత చెంపకు ఆనించుకున్నాడు. అప్పట్లో అందరూ చేసే పరీక్షే అది. చల్లగా తగిలితే అసలు సరుకు, తగలకపోతే ప్లాస్టిక్, మోసం.

"సల్లగున్నది భాయ్! అసల్ అద్దమే. నాకు కోఠీల ప్లాస్టిక్‌ది అంటగట్టిండు దొంగ నా కొడుకు. నువ్వు హుషారే."

ఆ మాట నాకు బాగుంది. ఆ తర్వాత కొన్ని వారాలు నేను కొంచెం తక్కువ భయంతో సైకిల్ తొక్కాను. ఉసిళ్ళు అద్దానికి తగిలి పడిపోయేవి. టిప్పర్ దుమ్ములో కూడా కళ్ళు తెరిచి ఉంచగలిగేవాణ్ణి. కళ్ళజోడు బరువు ముక్కు మీద తెలుస్తూ ఉండేది. ఆ బరువే ధైర్యంలా అనిపించేది.

ఒక పొద్దున ఆఫీసు ఇంకా కొంచెం దూరం ఉందనగా టిప్పర్ దాటింది. దాని వెనక చక్రాల జంట మధ్య ఇరుక్కున్న రాయి ఎప్పుడు ఊడిందో చూడలేదు. చప్పుడు మాత్రం విన్నాను. పక్క సీటు అతను గోటితో కొట్టినప్పుడు వచ్చిన టింగ్ లాంటిదే, ఇంకొంచెం పెద్దగా. కుడి వైపు లోకమంతా తెల్లగా అయిపోయింది. రెప్ప మూశాను. రెప్ప కింద ఏదో కదిలింది.

సైకిల్ ఎలా ఆపానో గుర్తు లేదు. నిలబడి ఉన్నాను, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని. కళ్ళజోడు తియ్యాలంటే భయం, తీస్తే మిగిలిన ముక్కలు కంట్లో పడతాయేమోనని. తియ్యకపోతే అక్కడే ఉన్నాయి. తల కిందికి వంచి, నేల వైపు చూస్తూ, మెల్లగా ముందుకు లాగి వదిలేశాను. రోడ్డు మీద గాజు రాలిన చప్పుడైంది. చెంప మీద తడి. అది కన్నీరో నెత్తురో ఎడమ కంటికి తెలియాలంటే చేతిని బాగా దగ్గరికి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాను. రెండూ ఉన్నాయి.

కన్ను తెరిచి చూస్తే తెలుస్తుంది, కనిపిస్తోందో లేదో. తెరవలేదు. నొప్పికి కాదు. మూసి ఉన్నంత సేపు అది పోయిందని ఎవరూ అనలేరు, నేను కూడా.

సైకిల్ నడిపించుకుంటూ ఆఫీసు వైపు వెళ్ళాను. ఎడమ కన్ను ఒక్కదానితో. రోడ్డు అంచు ఒక బూడిద రంగు పట్టీ. ఎదురొచ్చే ప్రతి మనిషీ రంగు గుడ్డ. గేటు దగ్గర నీలం రంగు ఏదో కదిలి పరుగెత్తుకు వచ్చింది. గొంతు విన్నాకే తెలిసింది, పక్క సీటు అతనని.

"అరే భాయ్! ఏందిది, నెత్తురు? ఎవడు గుద్దిండు?"

"కన్ను. అద్దం పగిలింది. దవాఖానకు తీసుకుపోతావా?"

"కూసో. బండి మీద కూసో. నన్ను గట్టిగ పట్టుకో. కన్ను నలుపకు, సమజైందా? నలిపితే సంపుత."

దారంతా అతను ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. పోయిన నెల వాళ్ళ మేనమామకు కంట్లో సున్నం పడిందని, ఏమీ కాలేదని, ఇప్పుడు పేకముక్కలు ఎదుటివాడి చేతిలో ఉండగానే చదివేస్తున్నాడని. నేను వినడం లేదు. లెక్క వేసుకుంటున్నాను. కుడి కన్ను లేకపోతే చెయ్యగల పనులు ఏమిటి? చదవక్కర్లేనివి. గియ్యక్కర్లేనివి. ఒకటి అనుకోవడం, కొట్టేసుకోవడం. స్కూటర్ లింగంపల్లి దాటేసరికి అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కంటి దవాఖానలో నర్సు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. మా కోస్తా వైపు మాట ఆవిడది. మెడలో చిన్నదేదో మెరవడం ఎడమ కంటికి కూడా తెలిసింది.

"కుడి కన్ను అలాగే మూసి ఉంచండి. ముందు ఎడమ కంటితో చదవండి."

"కనపడదండి."

"కంగారు పడకండి. అన్నిటికంటే పైన ఉన్నది, పెద్ద అక్షరం."

"అక్కడ నల్లగా ఏదో ఉందని తెలుస్తోందండి. అంతే."

"ఇప్పుడే అలా అయిందా? రెండు కళ్ళలోనూ పడ్డాయా?"

"కాదండి. అది చిన్నప్పట్నుంచీ అంతే."

నా వెనక నిలబడిన అతని చేతిలో స్కూటర్ తాళాలు అప్పటిదాకా గలగలమంటున్నాయి. ఆగిపోయాయి. నర్సు "డాక్టర్ గారూ, ఈయన్ని ముందు చూడండి" అని లోపలికి పిలిచింది.

తెరిచింది నేను కాదు. మత్తు చుక్క వేసి, డాక్టర్ వేళ్ళతో రెప్పలు విడదీశారు. పసుపు రంగు మందు, నీలం దీపం. అంతా నీళ్ళలో ఉన్నట్టుంది. అది మందో, కన్నో తెలియలేదు. ఆయన ఊపిరి నా ముఖానికి తగులుతోంది. సూది మొనలాంటిది ఏదో దగ్గరికి వచ్చింది.

"కదలకండి. ఇంకో ముక్క ఉంది. నలుసంత." దాన్ని తీసి అన్నారు. "నల్లగుడ్డు అంచున గీత పడింది. మధ్యలో పడి ఉంటే వేరే సంగతి. పట్టీ వేస్తాను. రేపు విప్పి చూద్దాం."

"బాగవుతుందా అండి?"

"చీము పట్టకపోతే అవుతుంది. రేపు చూద్దాం."

బయటికి వచ్చాక అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. మెట్లు ఒక్కొక్కటే దింపాడు.

"ఎవ్వరికీ చెప్ప," అన్నాడు. తర్వాత, "నాకు గూడ చెప్పలేదేంది భాయ్? ఆ అద్దం చూసి మస్తుందన్న నేను. పాగల్‌గాన్ని."

గదికి తెచ్చి దించి, సైకిల్ తర్వాత తెస్తానని వెళ్ళిపోయాడు. ఇంటావిడ వచ్చింది. వచ్చిందని కొట్టం వాసన బట్టి, ముదురు ఆకుపచ్చ చీర బట్టి తెలిసింది. పట్టీ వేసిన కంటి సంగతి చెప్పాను. అప్పుడు రెండో కంటి సంగతి కూడా చెప్పేశాను. దాచే ఓపిక లేదు. ఆవిడ చాప మీద కూర్చుని విన్నది.

"అయితె ఇప్పుడు గిదేందో అగుపడుతలేదా?" ఏదో ఊపింది.

"ఊపుతున్నారని తెలుస్తోంది. ఏమిటో తెలియదండి."

"రొట్టె. తిను." చేతిలో పెట్టింది. "గంత ఫికర్ ఎందుకు సారూ? గోడ పక్కనున్న మా బర్రెకు గూడ ఒక్క కన్నే. దూడప్పుడు కొమ్ము తాకి పోయింది. పాలియ్యదా ఏంది? అందరికంటె అదే ఎక్కువిస్తది."

"అది కంప్యూటర్ చూడక్కర్లేదు కదండీ."

"కంపూటరు నువ్వే సూడు, అదెందుకు సూస్తది! గుడ్డి దిక్కు నుంచి ఎవరన్న చప్పుడు లేకుంట పోతె తంతది. భయం దానికి, గంతే. అందుకే ముందుగాల నాలిక చప్పుడు జేస్త. వస్తున్ననని ఎరుకైతె ఊకుంటది."

అప్పుడు అర్థమైంది ఆ టక్ టక్. రొట్టె నములుతూ కూర్చున్నాను. చీకటి పడేముందు గోడ మీద గడియారం చూశాను. తెల్లటి గుండ్రం, ముళ్ళు లేవు. రేపు ఈ టైముకు కూడా అలాగే ఉండొచ్చు. లేదా ముళ్ళు కనపడొచ్చు. అంతకు మించి ఆలోచించలేకపోయాను.

మర్నాడు అతనే వచ్చి తీసుకెళ్ళాడు. నర్సు పట్టీ విప్పింది. దూది తీసింది. రెప్పలు జిగురుగా అంటుకుని ఉన్నాయి, తడి దూదితో తుడిచింది.

"ఇక తెరవండి."

తెరవలేదు.

"తొందరేం లేదు. నేనిక్కడే ఉన్నాను," అంది.

తెరిచాను. మొదట తెల్లని వెలుగు గుచ్చింది, నీళ్ళు కారాయి. నీళ్ళలోంచి ఒక అంచు వచ్చింది. గోడ అంచు. తర్వాత కిటికీ ఊచలు, విడివిడిగా. ఊచలు విడివిడిగా కనిపించడం అంత పెద్ద విషయమని అప్పటిదాకా నాకు తెలియదు. అక్షరాల పట్టిక చదివాను. కింది వరస కూడా.

"కోఠీల మోసపోయినా గని, నా ప్లాస్టిక్కే మంచిగున్నది," అన్నాడు వెనక నుంచి అతను.

ఈసారి ఫైబర్, అంటే ఆ ప్లాస్టిక్కే, తీసుకున్నాను. ధర చూసుకోలేదనను, చూసుకున్నాను. కానీ ముందు చూసింది అది కాదు. గోటితో కొడితే టప్పుమంటుంది, చెంపకు చల్లగా ఉండదు. త్వరగానే గీతలు పడ్డాయి. పడినప్పుడల్లా అద్దం మార్పించుకునేవాణ్ణి. ఎదురు లైట్లు పూవుల్లా విచ్చుకునేవి; సాయంత్రాలు ఇంకా మెల్లగా తొక్కేవాణ్ణి.

ఇంటావిడకు ఎన్నోసార్లు వివరించాను, ఎడమ కన్ను గుడ్డిది కాదని, కదలిక, రంగు తెలుస్తాయని, ఆవిడ వస్తే చీర రంగు బట్టి పోల్చుకుంటానని. "ఎరుకే, ఎరుకే" అనేది. అయినా పొద్దున్నే టీ గ్లాసుతో ఎడమ వైపు నుంచి వస్తే నాలుకతో టక్ టక్ మనేది. మొదట్లో కోపం వచ్చింది. తర్వాత ఆ చప్పుడు కోసం చూసేవాణ్ణి.

ఒక పొద్దున అలాగే టీ తాగి బయల్దేరాను. గచ్చిబౌలి దాటాక వెనక టిప్పర్ శబ్దం వినిపించింది. సైకిల్ దిగాను. రోడ్డు అంచు దాటి మట్టిలోకి వెళ్ళి, ఈల విన్న కూలీల్లా రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాను. నడిచిపోతున్న ఎవరో నవ్వారు. టిప్పర్ దాటింది. చిన్న రాయి ఒకటి ఎగిరి సైకిల్ మడ్‌గార్డుకు తగిలి టింగుమంది.

దుమ్ము అణిగింది. ఇంకే బండీ రాలేదు. నేను మాత్రం కన్ను మీద అరచెయ్యి పెట్టుకుని, రెండో ఈల కోసం ఎదురుచూస్తున్నవాడిలా ఇంకా నిలబడే ఉన్నాను.